లండన్ బరోక్ కచేరీల సీజన్: తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్‌లో సెప్టెంబరులో మొదలై జూన్ దాకా నడిచే కచేరీల సీజన్‌లో బరోక్ సంగీతానికి పెద్ద వాటాయే ఉంది. చదువుకో ఉద్యోగానికో వచ్చిన తెలుగువాళ్ళు, పిల్లల దగ్గరికి ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు మొదటిసారి వెళ్ళేముందు అడిగే ప్రశ్నలు ఇవి. చిత్రమేమిటంటే వీటిలో చాలావాటికి జవాబు ఒకటే: గొర్రె పేగు. అంతసేపు శ్రుతి చేసుకోవడం ఎందుకు, హాలు చిన్నదైతేనే మేలెందుకు, ముందు వరసలు ఎందుకు కొనాలి, మధ్యలో తీగ టప్పున ఎందుకు తెగుతుంది, అన్నీ తిరిగి తిరిగి ఆ పేగుతో చేసిన తీగ దగ్గరికే వస్తాయి.

బరోక్ అంటే ఏ కాలం? ఎర్లీ మ్యూజిక్ అన్నా అదేనా?

బరోక్ అంటే యూరప్ సంగీతంలో సుమారు 1600 నుంచి 1750 వరకు సాగిన కాలం. మాంటెవెర్డి ఒపెరా 'ఓర్ఫెయో' 1607లో మాంటువాలో ప్రదర్శించారు, బాఖ్ 1750లో పోయాడు. ఈ రెంటి మధ్యలో పర్సెల్, కొరెల్లి, వివాల్డి, రామో, హ్యాండెల్ వస్తారు. మన లెక్కలో చెప్పుకోవాలంటే తంజావూరులో విజయరాఘవ నాయకుడి కొలువులో క్షేత్రయ్య పదాలు మోగిన కాలం కూడా ఇందులోదే. 1767లో త్యాగరాజస్వామి పుట్టేనాటికి బాఖ్ పోయి పదిహేడేళ్ళు, హ్యాండెల్ పోయి ఎనిమిదేళ్ళు.

ఎర్లీ మ్యూజిక్ అన్నది ఇంకా పెద్ద గొడుగు. మధ్యయుగాల చర్చి గానం, 16వ శతాబ్దపు టాలిస్, బర్డ్ కూడా దాని కిందికే వస్తారు. పోస్టరు మీద వాద్యాలేవీ లేకుండా గాయకబృందం పేరు ఒక్కటే ఉంటే అది చాలామటుకు బరోక్‌కి ముందుదే అయి ఉంటుంది. టాలిస్ రాసిన 40 గొంతుల 'స్పెమ్ ఇన్ ఆలియమ్' అలాంటిదే. ఐదుగురు చొప్పున ఎనిమిది బృందాలు, ఒక్కొక్కరిదీ వేరే వరస. ఎక్కడైనా పాడుతున్నారని తెలిస్తే బరోక్ కాదు కదా అని వదులుకోకండి.

ఏయే బృందాలను చూసి టికెట్ కొనాలి?

వాద్యబృందాల్లో ట్రెవర్ పినాక్ 1972లో మొదలుపెట్టిన ఇంగ్లిష్ కన్సర్ట్, క్రిస్టఫర్ హాగ్‌వుడ్ 1973లో స్థాపించిన అకాడమీ ఆఫ్ ఏన్షెంట్ మ్యూజిక్, 1986లో వాద్యకారులే కలిసి పెట్టుకున్న ఆర్కెస్ట్రా ఆఫ్ ది ఏజ్ ఆఫ్ ఎన్‌లైటెన్‌మెంట్ ముఖ్యమైనవి. గాయకబృందాల్లో పీటర్ ఫిలిప్స్ టాలిస్ స్కాలర్స్ 1973లో, హ్యారీ క్రిస్టఫర్స్ బృందం ది సిక్స్‌టీన్ 1979లో మొదలయ్యాయి. మాంటెవెర్డి క్వైర్ వీటికన్నా పాతది, 1964 నాటిది.

ఒక జాగ్రత్త. 'కొవ్వొత్తుల వెలుగులో వివాల్డి' లాంటి కచేరీలు మధ్య లండన్ చర్చిల్లో ఏడాది పొడుగునా ఉంటాయి. వాటిలో చాలా వరకు ఉక్కు తీగల నేటి వాద్యాలతోనే వాయిస్తారు. చెడ్డవని కాదు, కానీ మీరు వెతుకుతున్న నాదం అది కాకపోవచ్చు. వివరాల్లో 'పీరియడ్ ఇన్‌స్ట్రుమెంట్స్' అన్న మాట ఉందో లేదో చూడండి. ఉంటే గట్ (పేగు) తీగలు, పాతకాలపు కమానులు, కవాటాలు లేని బాకాలు ఉన్నట్టు. ఆ మాట లేకపోతే అవి ఉండవనే అనుకోండి, ఎందుకంటే ఉన్నవాళ్ళు చెప్పుకోకుండా ఉండరు.

సీజన్‌లో ఎప్పుడు ఏది వస్తుంది?

సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో బృందాల ప్రారంభ కచేరీలు. డిసెంబరు అంతా హ్యాండెల్ 'మెస్సయ్య', దాంతోపాటు బాఖ్ 'క్రిస్మస్ ఆరటోరియో' (వేషాలు, నటన లేకుండా పాడే కథని ఆరటోరియో అంటారు). ఈ రెండోది నిజానికి 1734 క్రిస్మస్ నుంచి 1735 జనవరి దాకా ఆరు వేర్వేరు రోజుల్లో పాడటానికి రాసిన ఆరు భాగాలు. అందుకే ఒకే సాయంత్రం ఆరూ పాడేవాళ్ళు కొందరు, మూడు నాలుగు ఎంచుకునేవాళ్ళు కొందరు. ఏ భాగాలో చూసి కొనండి.

జనవరి, ఫిబ్రవరి చిన్న బృందాల నెలలు. ధరలు తక్కువ, సీట్లు దొరుకుతాయి. మా దృష్టిలో సీజన్‌లో అసలు రుచి అక్కడే ఉంది. వసంతంలో లండన్ హ్యాండెల్ ఫెస్టివల్ వస్తుంది. 1978లో మొదలైన ఈ ఉత్సవానికి కేంద్రం హ్యాండెల్ స్వయంగా వెళ్ళిన హానోవర్ స్క్వేర్‌లోని సెయింట్ జార్జ్ చర్చి. ఈస్టరుకు ముందు వారాల్లో బాఖ్ 'పాషన్'లు, అంటే క్రీస్తు శ్రమల గాథలు. గుడ్ ఫ్రైడే నాడు వాటిని తరచూ మధ్యాహ్నమే మొదలుపెడతారు, ఎందుకంటే అవి చాలా పొడుగు. జూలై మధ్య నుంచి సెప్టెంబరు దాకా రాయల్ ఆల్బర్ట్ హాల్లో ప్రామ్స్ అనే కచేరీల ఉత్సవం. అక్కడ నిలబడి వినే టికెట్లు చవక, కానీ ఐదు వేలమంది పట్టే ఆ హాల్లో వేళ్ళతో మీటే ఒక్క లూట్ ఏం వినిపిస్తుంది?

ఏ హాలు మంచిది? ఎక్కడ కూర్చోవాలి?

పేగు తీగ ఉక్కు తీగంత గట్టిగా మోగదు. పియానో లాంటి మీటల వాద్యం హార్ప్సికార్డ్, దాన్ని ఎంత గట్టిగా నొక్కినా ఒకే స్థాయి దాటదు. కాబట్టి చిన్న హాలు, ముందు సగం, ఇదే సూత్రం.

విగ్మోర్ హాలు 1901లో తెరిచారు, 552 సీట్లు. చిన్న బృందాలకు లండన్‌లో దీన్ని మించింది లేదు. బాండ్ స్ట్రీట్, ఆక్స్‌ఫర్డ్ సర్కస్ స్టేషన్లు రెండూ దగ్గరే. కాస్త ముందే వస్తే 25 బ్రూక్ స్ట్రీట్ కూడా చూసి రావచ్చు. 1723 నుంచి 1759లో పోయేదాకా హ్యాండెల్ ఆ ఇంట్లోనే ఉన్నాడు, ఇప్పుడది మ్యూజియం. అక్కడి నుంచి హాలుకి పది నిమిషాల నడక.

మిల్టన్ కోర్ట్‌లో 608 సీట్లు. గాయకబృందం, ఆర్కెస్ట్రా రెండూ ఉన్న రచనలకు సరిగ్గా సరిపోతుంది. థేమ్స్ ఒడ్డున క్వీన్ ఎలిజబెత్ హాల్లో సుమారు 900 సీట్లు, వాటర్లూలో దిగాలి. మిల్టన్ కోర్ట్ దగ్గరున్న పెద్ద బార్బికన్ హాలు పీరియడ్ బృందానికి కొంచెం ఎక్కువే. అక్కడ బాల్కనీ చివర కూర్చుంటే సంగీతం పక్కింట్లోంచి వస్తున్నట్టు ఉంటుంది.

చర్చిల విషయం వేరు. ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్‌లో స్తంభాలు అడ్డం వస్తాయి. 'రెస్ట్రిక్టెడ్ వ్యూ' అని రాసిన సీట్లో చెవికి లోటుండదు, కంటికే. సెయింట్ పాల్స్ లాంటి మహా చర్చిలో ఒక స్వరం ఎనిమిది సెకన్లకు పైగా తిరుగుతూనే ఉంటుంది. నెమ్మదిగా సాగే పాత చర్చి గానానికి అది అమృతం, వరసలు ఒకదాన్నొకటి తరుముతూ వేగంగా పరుగెత్తే బాఖ్ ఫ్యూగ్‌కి ముద్దపప్పు.

టికెట్లు ఎలా, ఎప్పుడు కొనాలి?

రాబోయే సీజన్ వివరాలు వసంతంలో ప్రకటిస్తారు. మొదట సభ్యులకు అమ్ముతారు, కొన్ని వారాలకు అందరికీ. డిసెంబరు 'మెస్సయ్య', గుడ్ ఫ్రైడే పాషన్, పేరున్న గాయకుల విగ్మోర్ కచేరీ, ఈ మూడే తొందరగా అయిపోతాయి. మిగతావాటికి వారం ముందు కొన్నా చాలు.

హాలు వెబ్‌సైట్‌లో నేరుగా కొనండి. మధ్యవర్తి సైట్లలో అదే సీటుకి రుసుము కలిపి అమ్ముతారు. మూడు నాలుగు కచేరీలు ఒకేసారి తీసుకుంటే బృందాలు తగ్గింపు ఇస్తాయి. విద్యార్థులు, 35 ఏళ్ళ లోపువారు తప్పకుండా ఆ పథకాల గురించి చూడండి. విగ్మోర్‌లో 35 లోపువారికి 5 పౌండ్ల టికెట్లు పెడతారు, వయసు ఋజువు దగ్గర ఉంచుకోండి. అన్నీ అమ్ముడైపోయాయని రాసి ఉన్నా కచేరీకి గంట ముందు బాక్సాఫీసు దగ్గరికి వెళ్ళి తిరిగొచ్చిన టికెట్లు ఉన్నాయేమో అడగండి. ఒక్క సీటు కావలసినవాళ్ళకు తరచూ దొరుకుతుంది, నలుగురికి పక్కపక్కన మాత్రం ఆశపడకండి.

గాయకుడికి జలుబు చేసి ఇంకొకరు వచ్చినా, ఒక రచన మారినా డబ్బు వెనక్కి ఇవ్వరు. కచేరీ రద్దయితేనే ఇస్తారు.

మాటిమాటికీ శ్రుతి చేసుకుంటారెందుకు? ముందే చేసుకుని రావచ్చు కదా?

చేసుకునే వస్తారు. గట్ తీగ గాలిలోని తేమను పీలుస్తుంది, వదులుతుంది. బయట వాన, తడిసిన కోట్లతో ఐదొందల మంది లోపలికి వస్తారు, పైన దీపాల వేడి. పదిహేను ఇరవై నిమిషాల్లో తీగ కదిలిపోతుంది. వయొలిన్ పై తీగ అర మిల్లీమీటరు కన్నా కాస్త మందం, అంతే. దానికి గాలి మారితే చాలు.

థియోర్బో పరిస్థితి మరీ కష్టం. మనిషంత ఎత్తున్న పొడుగు మెడ లూట్ అది. మామూలుగా 14 వరసల తీగలు. వేళ్ళతో నొక్కేవి ఆరు, మిగిలిన ఎనిమిది మందర తీగలు నొక్కకుండా మీటేవి. ఆ ఎనిమిదింటినీ రచన ఏ స్కేల్లో ఉంటే దానికి తగ్గట్టు మార్చాలి. అంటే పాట మారిన ప్రతిసారీ కొంత పని. ఎనభై ఏళ్ళు బతికిన లూట్ విద్వాంసుడు అరవై ఏళ్ళు శ్రుతి చేసుకోవడంలోనే గడిపి ఉంటాడని మాథెసన్ అన్న పెద్దమనిషి 18వ శతాబ్దంలోనే ఎగతాళి చేశాడు.

హార్ప్సికార్డ్‌ది లోహపు తీగే కానీ చెక్క పలక ఉబ్బుతుంది, కుంగుతుంది. 61 మీటలు, ఒక్కో మీటకు మూడు తీగలుంటే లెక్క 183. కచేరీకి ముందు గంట పడుతుంది. 20 నిమిషాల విరామంలో ట్యూనర్ ఒంటరిగా వేదిక మీద కూర్చుని, జారిన వాటిని మాత్రం సరిచేస్తాడు. ఆ సమయంలో ముందు వరసల్లో ఉంటే మెల్లగా మాట్లాడండి. ఆయన వింటున్నది రెండు తీగల మధ్య సెకనుకి ఒకటో అరో కొట్టుకునే అల. మీ పక్కన పకోడీల కబుర్లు నడిస్తే ఆయనకది వినబడదు.

శ్రుతి అర మెట్టు కిందికి ఉంటుందంటారు, నిజమేనా?

నిజమే. నేటి ఆర్కెస్ట్రాలో 'ఏ' (A) అనే స్వరం 440 హెర్ట్జ్. బరోక్ బృందాలు ఎక్కువగా 415 వాడతాయి, దాదాపు కచ్చితంగా ఒక స్వరస్థానం తక్కువ. ఫ్రెంచి సంగీతానికి 392, అంటే రెండు స్వరస్థానాలు తక్కువ. మాంటెవెర్డికి కొందరు 466, ఒకటి ఎక్కువ. ఆ కాలంలో ఊరికో శ్రుతి ఉండేది. ఆ కాలం నుంచి నేటిదాకా మిగిలి ఉన్న వేణువులు, ఆర్గన్లు కొలిచి, ఇన్ని బృందాలు కలిసి వాయించుకోవడానికి వీలుగా 20వ శతాబ్దంలో 415 అని ఒప్పందానికి వచ్చారు. ఒకటిన్నరకో రెండుకో పాడే గాయకులను విన్న చెవికి ఇందులో వింతేమీ ఉండదు. పియానోలో పెరిగినవాళ్ళే తల పట్టుకుంటారు.

ఇంకో సంగతి మన చెవికి ఇంకా దగ్గరిది. తంబురా బాగా శ్రుతి కుదిరినప్పుడు మందర షడ్జం తీగలోంచి ఎవరూ మీటని అంతర గాంధారం తేలుతుంది. ఆ స్వయంభూ గాంధారం షడ్జానికి 5:4 నిష్పత్తిలో ఉంటుంది, సెంట్లలో (ఒక స్వరస్థానానికి వంద సెంట్లు) 386. పియానోలో అదే స్థానం 400, అంటే కాస్త పైకి పోయినట్టు. 17వ శతాబ్దపు మీన్‌టోన్ పద్ధతిలో శ్రుతి చేసిన హార్ప్సికార్డ్ మీద ఆ 386 గాంధారమే ఉంటుంది. ఇంట్లో తంబురా యాప్ పెట్టి పది నిమిషాలు ఆ గాంధారం పట్టుకుని, తర్వాత మాంటెవెర్డి వినడానికి వెళ్ళండి. కలిసి మోగే మొదటి స్వరాల గుంపు వినబడగానే తెలిసిపోతుంది. ఒక చిక్కుంది. కొన్ని స్కేళ్ళలో ఇంత తియ్యగా ఉంచాలంటే మరికొన్ని స్కేళ్ళు చేదెక్కాల్సిందే. అందుకే బాఖ్, హ్యాండెల్ నాటికి వల్లోట్టి లాంటి మధ్యేమార్గాలు వచ్చాయి.

వేదిక మీద కండక్టర్ కనిపించడేం?

చాలాసార్లు ఉండడు. మొదటి వయొలిన్ కమాను కదలికతోనో, హార్ప్సికార్డ్ ముందు కూర్చున్నవాళ్ళ తల ఊపుతోనో నడుస్తుంది. హ్యాండెల్ కూడా అలాగే మీటల ముందు కూర్చునే నడిపాడు. హార్ప్సికార్డ్ వాయించేవారి కాగితం మీద ఉండేది మంద్ర వరస ఒక్కటే, దాని కింద 6, 4, 7 లాంటి అంకెలు. ఆ అంకె ఏ స్వరాలు కలపాలో చెబుతుంది. ఎలా కలపాలి, ఎంత ఒత్తుగా, ఎక్కడ అలంకారం అన్నది వాయించేవారి మనోధర్మం. మన స్వరపుస్తకంలో కృతి అస్థిపంజరమే ఉండి గమకాలు విద్వాంసుల గొంతులో ఉన్నట్టు. దీన్ని కంటిన్యువో అంటారు. ఒక చెలో, ఒక హార్ప్సికార్డ్ లేదా చిన్న ఆర్గన్, వీలుంటే థియోర్బో. వీళ్ళు మొదటి నిమిషం నుంచి చివరిదాకా ఆగరు. ఆర్కెస్ట్రా అంతా మౌనంగా ఉన్నప్పుడు ఆ ముగ్గురినే చూడండి.

ఇంత తక్కువమందేనా? మెస్సయ్యకి వందలమంది పాడతారని విన్నాం.

1754లో లండన్ ఫౌండ్లింగ్ హాస్పిటల్ అనే అనాథ పిల్లల ఆశ్రమంలో హ్యాండెల్ నడిపిన 'మెస్సయ్య' జీతాల లెక్క మిగిలింది. అందులో 38 మంది వాద్యకారులు, బృందంలో 19 మంది గాయకులు, ఐదుగురు ముఖ్య గాయకులు. బాఖ్ 1730 ఆగస్టు 23న లైప్జిగ్ నగరసభకు రాసిన వినతిలో అడిగింది కనీసం 12 మంది గాయకులను, 16 ఉంటే మరీ మంచిదన్నాడు. అదీ దొరకలేదనే ఆయన గోడు. ఒక్కో వరసకు ఒక్క గొంతే ఉండేదని జాషువా రిఫ్కిన్ 1981లో వాదించాక, ఎనిమిది మందితో పాషన్ పాడే బృందాలూ వచ్చాయి.

వందలు, వేలు తర్వాత వచ్చిన మోజు. 1784లో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో హ్యాండెల్ స్మారకోత్సవానికి ఐదొందలకు పైగా కూడారు, అక్కడి నుంచి పెరుగుతూ పోయింది. చిన్న బృందంలో మాట స్పష్టంగా వినబడుతుంది, నాలుగు వరసలు నాలుగుగా వినబడతాయి. పెద్దదానిలో గుండె అదురుతుంది. ఏది కావాలో తేల్చుకుని టికెట్ కొనండి.

ఆ మగ గాయకుడు ఆడగొంతుతో ఎందుకు పాడుతున్నాడు?

ఆయన కౌంటర్‌టెనర్. మామూలు గొంతు వదిలి ఫాల్సెటో అనే సన్నటి పై గొంతులో సాధన చేసిన గాయకుడు. ఒపెరాల్లో రాజులు, వీరుల పాత్రలను ఆ రోజుల్లో క్యాస్ట్రాటోలు, అంటే గొంతు మారకుండా చిన్నప్పుడే వృషణాలు తొలగించిన మగ గాయకులు, పాడేవారు. 1724లో హ్యాండెల్ 'జూలియో చెసారే'లో సీజర్ పాత్ర సెనెసీనో అనే క్యాస్ట్రాటో కోసం రాసిందే. ఇప్పుడు ఆ పాత్రలు కౌంటర్‌టెనర్లో, మెజో గాయనులో పాడతారు. 'మెస్సయ్య'లో ఆల్టో (అన్నిటికన్నా పై వరసకు కిందిది) భాగాన్ని డబ్లిన్‌లో మొదట ఎక్కువగా పాడింది సుజానా సిబ్బర్ అనే నటి. కాబట్టి ఆడవారు పాడితే అసలుది కాదనుకోవద్దు.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? తాళం వేసుకోవచ్చా?

రచన మొత్తం అయ్యాక. మూడు భాగాల కన్చెర్టోలో మొదటి భాగం ఎంత ఉరిమినా ఆగండి. కమానులు కిందికి దిగాక, పక్కవాళ్ళు కొట్టాక కొట్టండి, తప్పే జరగదు. ఒపెరాలో ఒక్కో అరియా (ఒక్కరే పాడే పాట) తర్వాత కొట్టవచ్చు. గుడ్ ఫ్రైడే పాషన్ చర్చిలో అయితే చివర మౌనం పాటించమని కచేరీ కాగితంలో రాస్తారు, చూసుకోండి.

తాళం గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. తొడ మీద దెబ్బ వేస్తూ వినడం, 'ఆహా' అనడం మన సభలో విద్వాంసుడికి ఊపిరి. ఇక్కడ పక్కవాడికి విఘ్నం. వేలి కొసలతో చప్పుడు లేకుండా లెక్కపెట్టుకోండి. చేతినిండా గాజులుంటే కాగితం తిప్పినప్పుడల్లా గలగలమంటాయి, వెనక్కి తోసుకోండి. దగ్గు బిళ్ళ కాగితం కచేరీకి ముందే విప్పి జేబులో పెట్టుకోండి, కరకరలాడే కాగితాన్ని మెల్లగా విప్పితే ఇంకా ఎక్కువసేపు వినబడుతుంది. మధ్యలో లేచి కాఫీకి వెళ్ళి వచ్చే వీలు లేదు. ఆలస్యమైతే మొదటి విరామం దొరికేదాకా తలుపు బయటే.

'మెస్సయ్య'లో హల్లెలూయా కోరస్‌కి లేచి నిలబడాలా?

రెండో జార్జ్ రాజు లేచాడు కాబట్టి అందరూ లేచారని చెబుతారు. ఆయన అక్కడున్నాడని చెప్పే నాటి సాక్ష్యం లేదు. అయినా ఇంగ్లండ్‌లో చాలామంది లేస్తారు, లేవకపోయినా ఎవరూ తప్పుపట్టరు. అసలు తప్పు వేరే ఉంది. హల్లెలూయా రెండో భాగం చివర వస్తుంది. అదే ముగింపనుకుని కోటు తీసుకుని బయల్దేరేవాళ్ళు ప్రతి డిసెంబరులోనూ ఉంటారు. ఇంకా అరగంటకు పైగా ఉంది. మూడో భాగం మొదట్లో వచ్చే సొప్రానో (ఆడవారి పై గొంతు) అరియా, తర్వాత బాకాతో బాస్ (మగవారి మంద్ర గొంతు) అరియా, చివరి ఆమెన్, మొత్తంలో మంచి ముక్కలు కొన్ని అక్కడే ఉన్నాయి.

భాష తెలియకపోతే ఎలా?

హ్యాండెల్ ఆరటోరియోలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, ఆయన ఒపెరాలు ఎక్కువగా ఇటాలియన్. బాఖ్ పాషన్లు జర్మన్, మాంటెవెర్డి 'వెస్పర్స్' లాటిన్. కచేరీ కాగితంలో మూలం, అనువాదం పక్కపక్కన ఇస్తారు. ఇంట్లోనే ఒకసారి చదువుకుని వెళ్ళండి, హాల్లో చీకటి. పాట మధ్యలో పేజీ తిప్పకండి, ఐదొందల కాగితాలు ఒకేసారి తిరిగితే వాన కురిసినట్టుంటుంది.

'మెస్సయ్య' మాటలన్నీ బైబిల్ నుంచి చార్ల్స్ జెనెన్స్ ఏర్చి కూర్చినవే. తెలుగు బైబిల్ చదివే ఇంట్లోవాళ్ళకు ఇది పెద్ద వెసులుబాటు. యెషయా 40, 9, 53 అధ్యాయాలు, యోబు 19, మొదటి కొరింథీయులు 15 ముందురోజు చదువుకుంటే చాలు. మొదట పాడే టెనర్ గొంతు ఎత్తగానే 'ఓదార్చుడి' అన్న మాట మీకే గుర్తొస్తుంది.

ఎంతసేపు ఉంటుంది? పెద్దవాళ్ళు, పిల్లలు కూర్చోగలరా?

విరామం కాక, సుమారుగా: పర్సెల్ ఒపెరా 'డైడో' గంట లోపు, బాఖ్ 'బ్రాండెన్‌బర్గ్' కన్చెర్టోలు ఆరూ కలిపి గంటన్నరకు పైగా, మాంటెవెర్డి 'వెస్పర్స్' గంటన్నర, బాఖ్ 'బి మైనర్ మాస్' గంటా ముప్పావు, 'సెయింట్ జాన్ పాషన్' రెండు గంటల లోపు, 'మెస్సయ్య' రెండుంపావు దాటి, 'సెయింట్ మాథ్యూ పాషన్' రెండు గంటల నలభై నిమిషాలు. హ్యాండెల్ ఒపెరా విరామాలతో నాలుగు గంటలకు దగ్గరగా పోతుంది.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను తీసుకొస్తే చర్చి కన్నా హాలు మేలు. చర్చి బల్లలు గట్టివి, మరుగుదొడ్లు తక్కువ, జనవరిలో చలి నేల రాతిలోంచి పాదాల్లోకి ఎక్కుతుంది. మెత్త, శాలువా, రెండు జతల మేజోళ్ళు. నడవా పక్క సీటు అడిగి తీసుకోండి. చీర, పంచె ఏది కట్టుకొచ్చినా ఎవరూ చూడరు. బట్టల నియమం చరిత్రలో ఒక్కసారి మాత్రం నిజంగా అవసరమైంది. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో 'మెస్సయ్య' మొదటిసారి పాడినప్పుడు చోటు చాలదని ఆడవారిని వెడల్పు కట్టుడు గౌనులు లేకుండా, మగవారిని కత్తులు లేకుండా రమ్మన్నారు. అలా 700 మంది పట్టారు.

ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలకు గంటసేపుండే మధ్యాహ్నపు కచేరీ సరిపోతుంది.

మొదటిసారి ఏది వినాలి?

చాలామంది 'మెస్సయ్య'తో మొదలుపెడతారు. మా సలహా అది కాదు. ముందు వివాల్డి లేదా 'బ్రాండెన్‌బర్గ్' కన్చెర్టోలు, చిన్న హాల్లో, మూడో వరసలో. వాద్యం నాదం చెవికెక్కుతుంది. తర్వాత 'డైడో', కథ చిన్నది, ఇంగ్లిష్. చివర ఆమె పాడే విలాపంలో కింద ఒకే మంద్ర వరస మెట్టుమెట్టుగా దిగుతూ మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, దాన్ని పట్టుకోండి. ఆ తర్వాత 'మెస్సయ్య'. పాషన్లలో 'జాన్' ముందు, 'మాథ్యూ' తర్వాత. ఒపెరా అన్నిటికన్నా చివర. ఒపెరా అరియాల్లో మొదటి భాగం, రెండోది, మళ్ళీ మొదటిది వస్తాయి. తిరిగి వచ్చినప్పుడు గాయకులు కొత్త అలంకారాలు వేస్తారు. సంగతులు వినడం తెలిసినవాళ్ళకు అది విసుగు కాదు, అసలు వినోదం అక్కడే.

బాకా స్వరం పగిలింది. తప్పు వాయించారా?

కవాటాలు లేని బాకా అది. ఎనిమిది అడుగుల గొట్టం, పెదవులు తప్ప ఇంకేమీ లేదు. పై స్వరాలు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉంటాయి, పెదవి వెంట్రుకవాసి జారితే పక్క స్వరంలో పడుతుంది. పైగా వాటిలో పదకొండోది పుట్టుకతోనే తప్పు శ్రుతి. దాన్ని పెదవితో లాగి సరిచేయాలి. ఈ బాధ తగ్గించడానికి చాలామంది గొట్టానికి చిన్న రంధ్రాలున్న బాకా వాడతారు, అది 20వ శతాబ్దపు కిటుకు. రంధ్రాలేమీ లేనిది వాయించేవాళ్ళు పగిలినా సరే అనుకునే వేదిక ఎక్కుతారు.

తీగ తెగడమూ మామూలే. మొదటి వయొలిన్ వారిది తెగితే వెనక వరసలోంచి వాద్యం చేతులు మారి ముందుకు వస్తుంది, తెగినది వెనక్కి పోతుంది. ఒంటరి వాద్యమైతే లోపలికి వెళ్ళి కొత్తది ఎక్కించుకుని వస్తారు. కొత్త గట్ తీగ సాగుతూనే ఉంటుంది కాబట్టి ఆ తర్వాత ఇంకా ఎక్కువసార్లు శ్రుతి చేసుకుంటారు. రికార్డర్ అనే పిల్లనగ్రోవి వాయించేవారు మధ్యలో దాని నోటిలోకి ఉఫ్‌మని ఊదితే కంగారుపడకండి, ఊపిరి తేమ అడ్డం పడింది, అంతే.

ఆ వయొలిన్‌కీ మన వయొలిన్‌కీ సంబంధం ఉందా?

ఉంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్య వయొలిన్ నేర్చి కర్ణాటక సంగీతానికి మలిచారు. అప్పట్లో యూరప్ నుంచి వచ్చిన వయొలిన్లకు ఉన్నవి గట్ తీగలే. గడ్డం కింద పెట్టే పలక ఇంకా రాలేదు. ఈ కచేరీల్లో చూడబోయే వయొలిన్ కూడా పలక లేనిదే.

మేమూ పాడొచ్చా?

పాడొచ్చు. డిసెంబరు చుట్టుపక్కల 'వచ్చి పాడండి మెస్సయ్య' తరహా కార్యక్రమాలు ఉంటాయి. రాయల్ ఆల్బర్ట్ హాల్లో 'మెస్సయ్య ఫ్రమ్ స్క్రాచ్' 1974 నుంచి జరుగుతోంది. అవి నేటి 440 శ్రుతిలో ఉంటాయి. మూడు పనులు చేయండి: మీ వరస తేల్చుకోండి, స్వరపుస్తకం వాళ్ళు చెప్పిన ముద్రణే తెచ్చుకోండి, ఎందుకంటే పేజీ సంఖ్యలు కలవకపోతే సాధనలో తప్పిపోతారు, ఒక నెల ముందు నుంచి మీ వరస ఒక్కటే వినిపించే రికార్డింగుతో సాధన చేయండి. స్వరలిపి చదవడం రాకపోయినా విని పట్టేస్తామనుకుంటే, పరుగు స్వరాలున్న రెండు మూడు కోరస్‌ల దగ్గర దొరికిపోతారు. వాటికే ఎక్కువ రోజులు కేటాయించండి.

ఇండియా నుంచి వినే మార్గం ఉందా?

విగ్మోర్ హాలు చాలా కచేరీలను తన సైట్‌లో ఉచితంగా ప్రత్యక్షప్రసారం చేస్తుంది. నెదర్లాండ్స్ బాఖ్ సొసైటీ 2014 నుంచి బాఖ్ రచనలన్నిటినీ ఒక్కొక్కటిగా చిత్రీకరించి యూట్యూబ్‌లో పెడుతోంది, అదీ ఉచితమే. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో మంద్ర వరస పూర్తిగా పోతుంది.

వేళలు జాగ్రత్త. లండన్‌లో సాయంత్రం 7:30 అంటే చలికాలంలో మనకు రాత్రి ఒంటిగంట, అక్కడ గడియారం ముందుకు జరిపే మార్చి చివరి నుంచి అక్టోబరు చివరి దాకా అర్ధరాత్రి 12. మధ్యాహ్నం ఒంటిగంట కచేరీలైతే హైదరాబాదులో, విజయవాడలో చలికాలం సాయంత్రం 6:30కి, ఎండాకాలం 5:30కి వస్తాయి. ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి హార్ప్సికార్డ్ శ్రుతి చేయడం అయిపోయి ఉంటుంది.